వాది, సంవాది, వివాది

‘వాది’ అనే మాట మనం రోజూ వినేదే. కోర్టు మెట్లెక్కినవారికి వాది, ప్రతివాది తెలుసు. పత్రిక తిరగేస్తే మితవాది, అతివాది, సామ్యవాది, సమైక్యవాది కనబడతారు. సంగీతం నేర్చుకునే పిల్లలను అడిగితే వాదిస్వరం, సంవాదిస్వరం అంటారు. ఒకే మాట సభలోనూ, కచేరీలోనూ ఎట్లా చెల్లుతున్నది? తమిళనాట కాపురమున్న మన తెలుగు కుటుంబాలకు అది ఏమి చెబుతున్నది? మాకు తెలిసినంతవరకు ఈ చిన్న వ్యాసంలో మనవి చేస్తాం.

సంస్కృతంలో ‘వద్’ అంటే పలకడం. పలికేవాడు వాది. తోడుగా పలికేవాడు సంవాది. వెంట పలికేవాడు అనువాది. ఎదురు పలికేవాడు వివాది. ఈ మాటలే మన ఇళ్లలో సంవాదం, అనువాదం, వివాదం అయినవి. వీధిలోకి వచ్చేసరికి వాదులాట అయింది!

ఈ నాలుగు మాటలనూ భరతముని నాట్యశాస్త్రంలోనే స్వరాలకు చెప్పాడు. రాగంలో ప్రధానంగా పలికే స్వరం వాది. దానికి తొమ్మిది లేక పదమూడు శ్రుతుల ఎడంలో ఉన్నది సంవాది. షడ్జానికి మధ్యమం, పంచమం అట్లాంటివి. రెండే శ్రుతుల ఎడం ఉన్నవి ఒకదానికొకటి వివాదులు. మిగిలినవి అనువాదులు. పాఠకులు ఒక సంగతి గమనించాలి. తగినంత ఎడం ఉన్న స్వరాలకు స్నేహం కుదిరింది. మరీ ఒరుసుకుని కూర్చున్నవాటికే తగాదా వచ్చింది.

పదమూడో శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రాస్తూ వాదిస్వరం రాజు, సంవాది మంత్రి, అనువాదులు భృత్యులు, వివాది శత్రువు అని పోల్చాడు. సంగీతానికి రాజనీతి ముడిపడింది ఇక్కడ. ఆయన దేవగిరి యాదవరాజు సింఘణుని కొలువులో లెక్కలు చూసే అధికారి. పగలంతా పద్దులతో గడిపే మా వంటి గుమాస్తాలకు ఇది కొంత గర్వకారణమే! ఆ గ్రంథానికి రాచకొండ నేలిన మన రేచెర్ల సింగభూపాలుడు సంగీతసుధాకరమనే వ్యాఖ్య రాశాడు. రాజు పోలికకు రాజే వ్యాఖ్యాత అయ్యాడు.

రాజకీయాలలో ఈ మాటకు కొత్త గిరాకీ గత శతాబ్దిలో వచ్చింది. 1907లో సూరత్ కాంగ్రెసులో చీలిక వచ్చిన తరువాత గోఖలే పక్షంవారు మితవాదులు, తిలక్ పక్షంవారు అతివాదులు అయ్యారు. ఆపైన ప్రతి సిద్ధాంతానికీ ఒక వాది పుట్టాడు. తమిళంలో రాజకీయాలు నడిపే మనిషిని ‘అరసియల్‌వాది’ అంటారు. మనం ‘రాజకీయ నాయకుడు’ అంటాం. వారి మాటలో వాదం ఉన్నది. మన మాటలో నాయకుడున్నాడు. ఆ నాయకుడనే బిరుదుతోనే గదా మన పెద్దలు ఈ దేశానికి దిగివచ్చారు!

1529 ప్రాంతంలో మధురను ఏలనారంభించిన విశ్వనాథ నాయకుడు తెలుగువాడు. ఆయన దళవాయి, ప్రధాని అయిన అరియనాథ మొదలియారు తమిళుడు. వీరిద్దరూ కలిసి దేశాన్ని 72 పాళయాలుగా ఏర్పరచారనీ, మధురకోట బురుజుకొక పాళెగాణ్ణి నియమించారనీ చెబుతారు. రాజు వాది, మంత్రి సంవాది అన్న పోలికకు ఇంతకన్న మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు. ఇద్దరి భాష ఒకటి కాదు. పలికిన రాగం ఒకటి.

వివాదికీ ఉదాహరణ ఇక్కడే ఉన్నది. మన సేత్తూరు ఆ పాళయాలలో ఒకటి. పద్దెనిమిదో శతాబ్ది నడుమ ఈ సీమలో పడమటి పాళయాలు చాలావరకు నెర్కట్టాన్‌సెవ్వల్ పులిదేవర్ వెనుక నిలిచాయి. అవి ముఖ్యంగా మరవ పాళయాలు. సేత్తూరు వాటిలోనిది. తూర్పున పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం మొదలైన పాళయాలు తెలుగు నాయకులవి. ఆర్కాటు నవాబును ఎదిరించడానికి అందరినీ కలపాలని పులిదేవర్ చూశాడు. తూర్పువారు కలిసిరాలేదు. ఇరుగుపొరుగుల వివాదం చివరకు పరాయివారికి లాభించింది. అర్ధ శతాబ్ది తిరగకుండా ఆ పాళయాలన్నీ కంపెనీ చేతిలో అణగిపోయాయి.

ఇక తంజావూరు సంగతి. తెలుగు ప్రభువు రఘునాథ నాయకుని మంత్రి గోవిందదీక్షితులు కన్నడిగుడు, సంగీతశాస్త్రవేత్త. ఆయన కుమారుడు వేంకటమఖి విజయరాఘవ నాయకుని కాలంలో చతుర్దండిప్రకాశిక రచించి 72 మేళాలను లెక్కకట్టాడు. పాళయాలూ 72, మేళాలూ 72 కావడం కాకతాళీయమే కాని వింతగా ఉన్నది.

ఆ 72లో 40 వివాది మేళాలు. వీటిలో తగాదా ఏమిటంటే, కుర్చీ తగాదా! శుద్ధగాంధారం వచ్చి చతుశ్శ్రుతి రిషభం స్థానంలో కూర్చుంటుంది. షట్‌శ్రుతి రిషభం పైకి జరిగి సాధారణ గాంధారం స్థానం ఆక్రమిస్తుంది. ధైవత నిషాదాల కథా ఇంతే. అందుచేత వివాది రాగాలు పాడితే దోషమని చాలామంది విద్వాంసులు జంకేవారు. అయినా వేంకటమఖి వాటిని లెక్కలోంచి తీసివేయలేదు. త్యాగరాజస్వామి (1767–1847) ఘనరాగ పంచరత్నాలలో మొదటిది నాట, నాలుగవది వరాళి. రెండింటిలోనూ వివాదిస్వరాలున్నవి. కచేరీకి మంగళారంభమని పాడే నాటలోనే వివాది ఉండడం మనం ఆలోచించవలసిన విషయం. శత్రువని పేరుపడిన స్వరాన్ని పెద్దలు వెళ్లగొట్టలేదు. ఎక్కడ, ఎంతసేపు, ఏ గమకంతో పలికించాలో నేర్చుకున్నారు.

తరువాత కోటీశ్వరయ్యరు 72 మేళాలలోనూ తమిళ కృతులు రచించారు. మన బాలమురళీకృష్ణగారు కూడా 72లోనూ కృతులు కూర్చారు. మనకు దగ్గరలోని ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు సంగీతసంప్రదాయప్రదర్శిని అనే మహాగ్రంథాన్ని 1904లో తెలుగులో అచ్చువేయించారు. తరువాత మద్రాసు మ్యూజిక్ అకాడమీ దానిని తమిళంలో ప్రకటించింది. ఇది అనువాది చేసిన మేలు.

ఇంత కలిసిమెలిసి పెరిగిన సంగీతంలోకి భాషావివాదం రాకపోలేదు. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో తమిళ ఇసై మహాసభ జరిగింది. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. కచేరీలలో తెలుగు, సంస్కృత కృతులే నిండిపోయాయనీ, తమిళ పాటకు పెద్దపీట కావాలనీ వారు కోరారు. కొందరు తెలుగువారికి కోపం వచ్చింది. నిదానంగా చూస్తే, తమ ఊళ్లో తమ భాషలో పాట వినాలనుకోవడంలో తప్పేమున్నది? ఈనాడు వేదిక మీద తేవారమూ ఉన్నది, త్యాగరాజ కృతీ ఉన్నది. ఒకటి రెండోదాన్ని చంపలేదు. పైగా తమిళంలో ‘ఇసై’ అంటే సంగీతం, ‘ఇసైదల్’ అంటే సమ్మతించడం. మన ‘సంవాది’లోని అర్థం వారి మాటలోనే ఇమిడి ఉన్నది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మనం ఇటే ఉండిపోయాం. అంతకు ముందు మన రాజపాళయం రాజుల బిడ్డ పి.ఎస్. కుమారస్వామి రాజాగారు 1949 నుంచి 1952 వరకు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం పలికిన కుటుంబం వారిది. తమ ఇంటినే గాంధీ కళైమన్రానికి ఇచ్చివేశారు. రాజకీయం నడిపిన ఇల్లు కళలకు నిలయమయింది.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి చెప్పుకోవాలి. 2006 చట్టంతో బడులలో తమిళం తప్పనిసరి అయింది. మన పిల్లలు తమిళం చక్కగా చదువుతున్నారు. సంతోషమే. ఉన్న ఊరి భాష రాకుండా సంవాది కావడం ఎట్లా? కాని తెలుగు మాట్లాడతారే గాని చదవలేరు. ఈ సంచికనే చాలా ఇళ్లలో తాతలు, అమ్మమ్మలు చదివి వినిపించవలసి ఉన్నది. సంవాది కావాలంటే ముందు తన స్థానంలో తాను నిలవాలి. మధ్యమం జరిగిపోయి షడ్జంలో కలిసిపోతే ఇక సంవాదమెక్కడిది? వినిపించేది ఒక్క స్వరమే. తెలుగు వదులుకుని తమిళంలో కలిసిపోవడం స్నేహం కాదు. తెలుగు పేరు చెప్పి పొరుగువారితో వాదులాడడం అభిమానమూ కాదు.

ఇందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ఆదివారంనాడు ఒక గంట పిల్లలకు అక్షరాలు దిద్దించండి. పాట నేర్చుకునే పిల్లలుంటే పంచరత్నాలను తెలుగు లిపిలోనే రాసుకోమనండి, అర్థం చెప్పండి. వచ్చే ఉగాది సంచికలో వారి చేతిరాతతో ఒక్క పేజీ అయినా పడాలని మా కోరిక. పచ్చడిలో వేపపువ్వు ఉన్నట్లే కొత్త సంవత్సరంలో వివాదాలూ ఉంటాయి. ఎంత పడాలో అంతే పడనిద్దాం. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.