డిచ్‌పల్లిలో బతకడానికి ఎంతవుతుంది?

నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలో, గేజ్ కౌంటీ అనే చోట ఇల్లు కొన్నాడు. లింకన్ నగరానికి దక్షిణంగా ఓ నలభై మైళ్ళు. చుట్టూ మొక్కజొన్న, సోయా. "డాలస్‌లో గరాజ్ వచ్చే డబ్బుకి ఇక్కడ ఇల్లే వచ్చింది రా" అని వాడి సంబరం. సంబరం ఆపుకోలేక నాకో వెబ్‌సైటు లింకు కూడా పంపాడు. మీ ఊరి పేరు కొడితే అక్కడ బతకడానికి ఎంతవుతుందో లెక్క కట్టి చెప్తుంది. నేను మా డిచ్‌పల్లి కొట్టాను. అలాంటి ఊరే లేదంది. హైదరాబాదు చూపిస్తా చూస్కో అంది :)

అది చెప్పకపోతే ఏం, మనమే లెక్క కట్టొచ్చు కదా. అద్దె, పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు... ఇవన్నీ ఎక్సెల్లో వేస్తే అరగంట పని. హైదరాబాదులో నేను కట్టే అద్దెలో నాలుగో వంతు కూడా అక్కడ అవదు. ఆ ముక్క మనందరికీ తెలుసు, దానికి టపా దండగ. నాకు అంతుబట్టనిది వేరే. ఒక ఊరు చవగ్గా ఎందుకుంటుంది? ఎప్పట్నుంచి చవక? ఆ చవకకి డబ్బులు ఎవరు కడుతున్నారు? ఇది ఎక్సెల్లో తేలే లెక్క కాదు, చరిత్ర తవ్వాలి.

తెలీనివాళ్ళకి ఊరు పరిచయం. హైదరాబాదు నుంచి నాగపూర్ వెళ్ళే హైవే మీద (పాతవాళ్ళకి ఏడో నంబరు, ఇప్పుడు నలభై నాలుగు) సుమారు 160 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. నిజామాబాద్ పక్కనే. గుట్ట మీద పాత రామాలయం ఉంది, ఆ శిల్పాలు చూసి 'ఇందూరు ఖజురహో' అంటారు. పోలీసు బెటాలియన్ ఉంది, 2006లో పెట్టిన తెలంగాణ యూనివర్సిటీ ఉంది. సికింద్రాబాద్ - మన్మాడ్ రైలు లైను 1900 ప్రాంతంలో పడింది, అప్పట్నుంచీ స్టేషనుంది. కాస్త ముందుకెళ్తే ఆర్మూరు, అంకాపూర్, బాల్కొండ... అంటే పసుపు, ఎర్రజొన్న, మొక్కజొన్న. నా ఫ్రెండు వాళ్ళ కౌంటీకీ మాకూ మొక్కజొన్న కామన్ అన్నమాట.

డిచ్‌పల్లి పేరు బయటి ప్రపంచానికి మొదట తెలిసింది పసుపు వల్ల కాదు, గుడి వల్లా కాదు. కుష్ఠు ఆసుపత్రి వల్ల. ఇసబెల్ కెర్ అని స్కాట్లాండు డాక్టరమ్మ, ఆవిడ భర్త జార్జ్ కెర్ అనే మెథడిస్టు పాదిరీ, ఇద్దరూ 1907లో హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. నిజామాబాద్‌లో పని మొదలుపెడితే కుష్ఠు రోగులు ఒకరి వెనక ఒకరు రావడం మొదలైంది. పెట్టడానికి చోటు లేదు. రాజా నర్సాగౌడ్ అనే స్థానిక ధనవంతుడు, ఆయన హిందువు, మిషనరీలకి విరాళమిచ్చాడు. అలా 1915లో డిచ్‌పల్లి దగ్గర విక్టోరియా పేరుతో ఆసుపత్రి వెలిసింది. చాల్‌మొగ్ర జాతి నూనెని ఇంజెక్షన్లుగా ఇచ్చే వైద్యం అప్పట్లో కొత్త. 1923లో ఆవిడకి కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చారు. 1932లో పోయారు.

నేను దీన్ని వైద్య చరిత్రగా చెప్పట్లేదు. 'లివబిలిటీ' అని మనం తెగ వాడే మాట ఉంది చూడండి, ఆ లెక్కన చెప్తున్నా. ఆ రోజుల్లో కుష్ఠు వచ్చిన మనిషికి సొంతూళ్ళో ఇల్లుండొచ్చు, పొలముండొచ్చు, అయినా అక్కడ బతకలేడు. బావి దగ్గరికి రానివ్వరు, పెళ్ళికి పిలవరు, పెళ్ళాం పిల్లలు కూడా దూరం పెడతారు. అలాంటివాళ్ళకి ఈ రాళ్ళ నేలే బతకడానికి వీలైన చోటయింది. బస్సూ రైలూ ఎంత దూరం, మంచి స్కూలుందా లేదా అని మనం చూసుకుంటాం. వాళ్ళు చూసుకున్నది ఒక్కటే, గేటు దగ్గర నుంచి తరమకుండా ఉంటారా అని. 1940ల్లో డాప్సోన్ మందు, 1980ల్లో రెండు మూడు మందులు కలిపిచ్చే చికిత్స వచ్చాక రోగం నయమయ్యేదైంది. 2005 చివరికి దేశం మొత్తంమీద పదివేల మందిలో ఒకరి కంటే తక్కువకి దిగింది. అయినా మా చిన్నప్పుడు 'డిచ్‌పల్లి పంపిస్తా' అని పిల్లల్ని బెదిరించేవాళ్ళు నాకు గుర్తే. మా ఊరి పేరే తిట్టు! ఊరు చవగ్గా ఉండటానికి అదీ ఓ కారణమేమో అని నా అనుమానం. నిరూపించలేను లెండి.

సరే, రెండో సంగతికొస్తా. ఇది నెబ్రాస్కా వాడికి కూడా పనికొస్తుంది.

వాడి గేజ్ కౌంటీలో ఒక జాతీయ స్మారకం ఉంది. 1862లో లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం తాలూకు స్మారకం. ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేసుకుంటే 160 ఎకరాలు మీవే, కట్టాల్సింది నామమాత్రపు ఫీజు. చట్టం అమల్లోకొచ్చిన 1863 జనవరి 1నే దరఖాస్తు పెట్టిన డేనియల్ ఫ్రీమన్ పొలం ఆ కౌంటీలోదే. బాగుంది కదా? కానీ అదే కౌంటీ దక్షిణపు అంచున ఓటో-మిసూరియా జాతి వాళ్ళ రిజర్వేషన్ ఉండేది. 1880ల మొదట్లో వాళ్ళని ఓక్లహోమా వైపు పంపేశారు. మా ఫ్రెండు చవగ్గా కొన్న ఇంటి కింద నేల చరిత్ర అదీ. వాడికి చెప్తే 'నువ్వు గృహప్రవేశానికి రాకు' అన్నాడు.

మన దగ్గర హోమ్‌స్టెడ్ చట్టం లేదు గానీ నిజాంసాగర్ ఉంది. మంజీరా నది మీద 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తి చేశారు. చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. మనం ఇంజనీర్లమని చెప్పుకుంటాం గానీ, అసలు ఇంజనీరంటే ఆయన! రెండు లక్షల డెబ్బై ఐదు వేల ఎకరాలకి నీళ్ళివ్వాలని ప్లాను. ఓ నలభై ఊళ్ళు ఖాళీ చేయించారు. బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు కాలువలొచ్చాయి. నీళ్ళొచ్చాయి గానీ నీళ్ళ వ్యవసాయం చేసే అలవాటు, పెట్టుబడి అందరికీ లేవు. అప్పుడు కోస్తా జిల్లాల నుంచి రైతులు దిగారు. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ చాలా ఎకరాలొచ్చేవి. గుడిసెలేసుకుని దిగిన చోట్లకి 'క్యాంపు' అన్న పేరు పడిపోయింది, ఇప్పటికీ బోర్డుల మీద అవే పేర్లు. డాలస్ వదిలి నెబ్రాస్కా వెళ్ళిన మావాడు చేసింది సరిగ్గా ఇదే పని, తొంభై ఏళ్ళ తర్వాత. ఖరీదైన చోట ముక్క అమ్మి, చవకైన చోట చెక్క కొనడం.

వాళ్ళు కష్టపడలేదని ఎవరూ అనరు. వరి, చెరకు పండించి చూపించారు. కానీ ఇక్కడివాళ్ళ వైపు నుంచి చూస్తే కథ వేరు. తక్కువకి అమ్ముకున్నవాడు, తర్వాత అదే పొలంలో కూలికెళ్ళినవాడు ఉన్నారు. 1969లో, మళ్ళీ 2009 తర్వాత తెలంగాణ మాట లేచినప్పుడు ఆ కోపంలో ఇది కూడా ఉంది. చవక అనేది ఎప్పుడూ కొనేవాడి మాటే, అమ్మేవాడు ఆ మాట అనడు.

నీళ్ళు వచ్చాయి కాబట్టి చెరకు, చెరకు కాబట్టి బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవాళ్ళు. జీతాలు, క్వార్టర్లు, శక్కర్‌నగర్ అనే ఊరు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకిచ్చారు, 2015 డిసెంబర్లో మూతపడింది. నేనప్పుడు ఇంజనీరింగులో ఉన్నా. మా హాస్టల్లో బోధన్ వాడొకడు ఆ వారం మెస్‌కి రావడమే మానేశాడు, వాళ్ళ నాన్న ఫ్యాక్టరీలోనే. నిన్నటిదాకా ఖర్చు తక్కువైన ఊరే, జీతం ఆగేసరికి భరించలేనంత ఖరీదైపోయింది. ఈ వెబ్‌సైట్లు ఖర్చే చూపిస్తాయి. అవతలి గడిలో ఏం రాయాలో వాటికి తెలీదు.

నీళ్ళ సంగతి ఇంకొంచెం ఉంది. నిజాంసాగర్‌కి పైన మంజీరా మీదే 1965లో బ్యారేజీ, 1980ల్లో సింగూరు కట్టారు. దేనికి? ముఖ్యంగా హైదరాబాదు దాహం తీర్చడానికి. నిజాంసాగర్‌లో పూడిక చేరి నిల్వ తగ్గింది, పైనుంచి రావాల్సింది తగ్గింది. కృష్ణా, గోదావరి నీళ్ళు నగరానికి వచ్చేదాకా దశాబ్దాల పాటు మనం హైదరాబాదులో తాగినది చాలామటుకు ఆ మంజీరాయే. మియాపూర్‌లోనో చందానగర్‌లోనో 'ఈరోజు మంజీరా రాలేదు' అని ట్యాంకర్ పిలిచినవాళ్ళు చెయ్యెత్తండి! ఆ నీటి మీద హక్కు ముందు ఎవరిదో ఎప్పుడైనా తట్టిందా?

ఇక పసుపు. ఇది మా వైపు నాడి. పెడితే ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి, అప్పుడు నిజామాబాద్ యార్డుకి. అక్కడ రేటు నచ్చకపోతే కొందరు ఏకంగా మహారాష్ట్రలో సాంగ్లీకి తోలుకెళ్తారు. 2010-11లో క్వింటాలు 15 వేలు దాటింది, ఆ ఏడాది ఊళ్ళల్లో కొత్త ఇళ్ళు లేచాయి. 2019 నాటికి ఐదారు వేలకి పడిపోయింది. ఆ ఏప్రిల్లో నిజామాబాద్ లోక్‌సభ సీటుకి 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది రైతులు! మద్దతు ధర, పసుపు బోర్డు అడగడానికి అదో దారి. అన్ని పేర్లు పట్టడానికి ఒక్కో పోలింగు బూతులో ఈవీఎంలు వరసగా పేర్చాల్సి వచ్చింది. ఆ బోర్డుని 2023 అక్టోబర్లో ప్రకటించారు, 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ధర మీద దాని ప్రభావం ఏమిటో ఇంకొన్ని పంటలు చూస్తే గానీ చెప్పలేం. నా ఉద్దేశం ఏంటంటే, మీ జీతం ఒక ఏడాది పదిహేను, ఇంకో ఏడాది ఐదు అయితే పాల ప్యాకెట్ ధర ఎంత తక్కువైనా ఒరిగేదేం లేదు.

మరి రెండింటి మధ్య ఇల్లు ఎట్లా నడిచింది? బీడీలు, దుబాయి. ఆడవాళ్ళు తునికాకు కత్తిరించి, మగవాళ్ళు పాస్‌పోర్టు పట్టుకుని. 1970ల నుంచి గల్ఫ్ పోవడం మొదలైంది, మా వాడకట్టులో గల్ఫ్ చూడని ఇల్లు వెతకాలి. మా అమ్మమ్మ వేళ్ళకి చివరిదాకా పొగాకు వాసనే. 2015 నుంచి ప్రభుత్వం బీడీ కార్మికులకి జీవన భృతి ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ అందరికీ కాదు. ఊళ్ళో పాలరాయి వేసిన మేడ చూసి 'పల్లెల్లో బాగానే ఉన్నారు' అనుకునే సాఫ్ట్‌వేర్ మిత్రులకి మనవి: ఆ మేడ డిచ్‌పల్లి ఆదాయంతో కట్టింది కాదు. షార్జా ఎండలో కట్టింది.

ఇప్పుడు మన వంతు. 2020లో లాక్‌డౌన్‌కి ఊరొచ్చినప్పుడు చూశా, ఏప్రిల్, మే ఎండలో అదే హైవే మీద వలస కూలీలు సంచులు మోసుకుంటూ ఉత్తరానికి నడుస్తున్నారు. హైవే పక్క ఇంట్లో కూర్చుని నేను స్టాండప్ కాల్ మాట్లాడుతున్నా. నాకా ఊరు ఆ ఏడాది స్వర్గం. జీతం హైదరాబాదుది, ఖర్చు డిచ్‌పల్లిది. అలాంటివాళ్ళం ఎంతమందిమి పెరిగితే ప్లాట్ల రేట్లు అంత పెరుగుతాయి, పెరిగాయి కూడా. ఇంకోటి చెప్తా, కొందరికి కోపం రావచ్చు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకి నాలుగు వేలు ఇచ్చారు, పట్టా ఉన్నవాడికి. కౌలు రైతుకి లేదు. అంటే గచ్చిబౌలిలోనో న్యూజెర్సీలోనో ఉన్న 'రైతు' ఖాతాలో పడింది. పొలంలో నిలబడ్డవాడు కౌలు కట్టాడు.

ఖరీదైనవి రెండే మా దగ్గర, ఆసుపత్రి, చదువు. 2007లో ఆరోగ్యశ్రీ, 2013లో నిజామాబాద్‌కి మెడికల్ కాలేజీ వచ్చాక కొంత నయం. అయినా గుండె విషయమంటే అంబులెన్సు హైదరాబాదు దారే పడుతుంది. వందేళ్ళ కింద దేశం నలుమూలలకీ తెలిసిన ఆసుపత్రి ఉన్న ఊరు ఇది, తమాషా కాకపోతే.

మా ఇంట్లో నడుస్తున్న పంచాయితీ కూడా దీని మీదే. హైవేకి దగ్గర్లో మాకు మూడెకరాలుంది. కౌలుకిచ్చాం, పసుపూ మొక్కజొన్నా వేస్తారు. అమ్మితే హైదరాబాదులో ఫ్లాటు లోను తీరిపోతుంది. మా ఆవిడ లెక్క అది, లెక్కగా తప్పేమీ లేదు. బాపు మాత్రం "అమ్మినంక ఏడికి వస్తవ్ రా మళ్ళ?" అంటాడు. నేను రెండిటి మధ్య. కంపెనీ వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మంటోంది కాబట్టి అక్కడికి మారిపోయే మాట ఇప్పట్లో లేదు. ప్రస్తుతానికి తేల్చింది ఒకటే, పొలం మీద ప్రభుత్వం నుంచి ఎంతొస్తే అంత కౌలులో తగ్గించాలని. బాపు ఒప్పుకున్నాడు. ఉగాదికి కౌలు మళ్ళీ మాట్లాడుకోవాలి, అప్పటికి పసుపు రేటు కూడా తెలుస్తుంది.