‘ఈ సభ నెత్తుటి కంపు కొడుతోంది’

1970 సెప్టెంబరు 1. వాషింగ్టన్‌లో అమెరికా సెనేట్. వియత్నాం నుంచి సైన్యాన్ని వెనక్కి పిలవాలా వద్దా అన్నదాని మీద కాసేపట్లో ఓటింగు. చర్చకు మిగిలినవి ఆఖరి నిమిషాలు.

సౌత్ డకోటా సెనేటర్ జార్జ్ మెక్‌గవర్న్ లేచి నిలబడ్డాడు. వయసు 48. పాస్టరు గారబ్బాయి. రాజకీయాల్లోకి రాకముందు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పిన మాస్టారు. ఊరికే గొంతు చించుకునే మనిషి కాదు.

‘‘అధ్యక్షా, ఇప్పుడు మనం వేయబోయే ఓటు, సెనేటర్లుగా మనం వేసే అతి ముఖ్యమైన ఓట్లలో ఒకటి కావచ్చు’’ అంటూ మామూలుగానే మొదలుపెట్టాడు. తర్వాత వచ్చిన మాటలు మాత్రం ఆ సభ ఎన్నడూ విననివి.

‘‘యాభై వేలమంది అమెరికా కుర్రాళ్లను అకాల మృత్యువుకు పంపడంలో ఈ సభలోని ప్రతి సెనేటరుకూ బాధ్యత ఉంది. ఈ సభ నెత్తుటి కంపు కొడుతోంది.’’

చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం.

‘ప్రతి సెనేటరుకూ’ అన్నాడు. ఆ లెక్కలో తానూ ఉన్నాడు. ఎందుకో తెలియాలంటే ఆరేళ్లు వెనక్కి వెళ్లాలి. 1964 ఆగస్టు 7న ఇదే సెనేట్ టాంకిన్ సింధుశాఖ తీర్మానాన్ని 88–2 ఓట్లతో ఆమోదించింది. వియత్నాంలో అవసరమనుకున్న ఏ చర్యనైనా తీసుకునే అధికారం అధ్యక్షుడు జాన్సన్ చేతికి వెళ్లిపోయింది. కాదన్నవాళ్లు ఇద్దరే: వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. మెక్‌గవర్న్ అవునన్నవాళ్లలో ఉన్నాడు. అంతకు ఏడాది ముందు, 1963 సెప్టెంబరులోనే, వియత్నాం మనకు ఉచ్చు అవుతుందని హెచ్చరించిన మనిషే ఆ రోజు తలూపాడు. ఆ ఓటు తప్పని తర్వాత తనే ఒప్పుకున్నాడు.

1965 చివర్లో ఆయన స్వయంగా దక్షిణ వియత్నాం వెళ్లాడు. ఆసుపత్రుల్లో కాళ్లూ చేతులూ పోయిన కుర్రాళ్లను చూశాడు, గాయపడ్డ వియత్నాం పౌరులనూ చూశాడు. గాయమంటే ఏమిటో ఆయనకు కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-24 బాంబర్ పైలట్‌గా యూరప్ గగనతలంలో 35 దాడులు చేసి వచ్చినవాడు. భార్య ఎలనోర్‌ను తలచుకుని తన విమానానికి ‘డకోటా క్వీన్’ అని పేరు పెట్టుకున్నాడు.

1970 ఏప్రిల్ 30న అధ్యక్షుడు నిక్సన్ టీవీలో ప్రత్యక్షమై, అమెరికా సేనలు కంబోడియాలోకి అడుగుపెడుతున్నాయని ప్రకటించాడు. యుద్ధం ముగిస్తానని గద్దెనెక్కిన మనిషి దాన్ని పక్క దేశానికి పాకించాడు. కాలేజీలు భగ్గుమన్నాయి. మే 4న ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నేషనల్ గార్డ్ కాల్పులకు నలుగురు విద్యార్థులు చనిపోయారు.

మెక్‌గవర్న్, ఒరెగాన్‌కు చెందిన రిపబ్లికన్ సెనేటర్ మార్క్ హాట్‌ఫీల్డ్ చేతులు కలిపారు. ఇద్దరివీ ఎదురుబొదురు పార్టీలు. హాట్‌ఫీల్డ్ నౌకాదళంలో పనిచేసినవాడు, బాంబు పడ్డాక హిరోషిమా శిథిలాలను కళ్లారా చూసినవాడు. ఇద్దరూ కలిసి రక్షణ కొనుగోళ్ల బిల్లుకు ఒక సవరణ రాశారు. అమెరికా రాజ్యాంగం ఖజానా తాళం చట్టసభ చేతిలో పెట్టింది కాబట్టి, వియత్నాంలో పోరాటానికి ఇచ్చే డబ్బు ఆపేయాలి, 1971 డిసెంబరు 31 నాటికి సైన్యం మొత్తం ఇంటికి రావాలి. అదీ సారాంశం.

జనానికి ఈ సంగతి చెప్పాలంటే టీవీ కావాలి. అరగంట సమయం కొనడానికి మెక్‌గవర్న్ వాషింగ్టన్‌లోని తన ఇంటిని రెండోసారి తాకట్టు పెట్టాడు. మే 12న ఎన్‌బీసీలో కార్యక్రమం వచ్చింది. ఖర్చు పెట్టినదానికి ఎన్నోరెట్లు విరాళాలు వచ్చిపడ్డాయి.

అవతలి పక్షం ఊరుకోలేదు. అమెరికా చరిత్రలోనే తొలి ఓటమికి వేసిన నమూనా ఇదని ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ దుయ్యబట్టాడు. తేదీ చెప్పేస్తే శత్రువు ఆ తేదీదాకా కాచుకు కూర్చుంటాడు, పారిస్ శాంతి చర్చల్లో మన చేతిలో ఏమీ మిగలదు, ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్ చెరలో ఉన్న మన ఖైదీల గతేమిటి? ఈ ప్రశ్నలు ఉత్తివి కావు. యుద్ధంలో ఉన్న ఏ దేశానికైనా అవి ఎదురయ్యేవే. అయితే వాటిని లేవనెత్తుతున్న చోటికీ, వాటికి మూల్యం చెల్లిస్తున్న చోటికీ మధ్య వేల మైళ్ల దూరముంది. అప్పటికి వియత్నాంలో ఇంకా 4 లక్షలకు అటూఇటూగా అమెరికా సైనికులున్నారు. మెక్‌గవర్న్ ఆ దూరాన్నే ఎత్తి చూపించాడు.

వాల్టర్ రీడ్, బెథెస్డా సైనిక ఆసుపత్రుల పేర్లెత్తాడు. అక్కడ కాళ్లు లేక, చేతులు లేక, ముఖాలు లేక, ఆశలు లేక పడి ఉన్న యువకుల గురించి చెప్పాడు. వెన్ను చూపడం, దేశ గౌరవం, ధైర్యం అంటూ వాళ్లకు నీతులు చెప్పకండన్నాడు.

‘‘జెండా ఒంటికి చుట్టుకుని, వియత్నాంలోనే ఉంటామని చెప్పడానికి ఒక సెనేటరుకు గానీ, అధ్యక్షుడికి గానీ ధైర్యమేమీ అక్కర్లేదు. ఎందుకంటే చిందుతున్నది మన రక్తం కాదు.’’

ఈ దిక్కుమాలిన యుద్ధాన్ని మనం ఆపకపోతే ఆ కుర్రాళ్లు ఏదో ఒకనాడు మనల్ని శపిస్తారని చెప్పి కూర్చున్నాడు. యాభై ఏళ్లు దాటాక ఇప్పుడు చదివినా ఆ మాటల దగ్గర గుండె పట్టేస్తుంది.

సెనేటర్ ఒకరు ఆయన దగ్గరకు వచ్చి, మీ మాటలు నన్ను వ్యక్తిగతంగా నొప్పించాయన్నాడు.

‘‘నొప్పించాలనే అన్నాను’’ అన్నాడు మెక్‌గవర్న్.

పేర్లు పిలవడం మొదలైంది. సవరణకు అనుకూలం 39. వ్యతిరేకం 55. ఓడిపోయింది.

ఆ తర్వాత దేశం మెక్‌గవర్న్ వైపు జరుగుతూ వచ్చింది. 1971 జనవరిలో గాలప్ సంస్థ అడిగితే, ఆ ఏడాది చివరికల్లా సైన్యాన్ని వెనక్కి రప్పించాలన్నవాళ్లు 73 శాతం. ఏప్రిల్‌లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన వందలాదిమంది సైనికులు తమ పతకాలను కేపిటల్ భవనం మెట్ల మీదికి విసిరికొట్టారు. జూన్ 16న సవరణ మళ్లీ సెనేట్ ముందుకు వచ్చింది. అనుకూలం 42, వ్యతిరేకం 55. జనం మారినా, ఆ గదిలో మారింది మూడంటే మూడు ఓట్లు.

1972 అధ్యక్ష ఎన్నికల్లో నిక్సన్ మీద పోటీ చేసిన మెక్‌గవర్న్, ఒక్క మసాచుసెట్స్, రాజధాని వాషింగ్టన్ తప్ప అన్నిచోట్లా ఓడిపోయాడు. ఆ డిసెంబరులో అమెరికా బీ-52 విమానాలు హనోయ్, హైఫాంగ్‌ల మీద బాంబుల వాన కురిపించాయి. హనోయ్‌లో ఖామ్ థియెన్ వీధి ఒక్క రాత్రిలో శిథిలమైంది. వియత్నాం లెక్కల్లో ఆ కొద్దిరోజుల్లో చనిపోయిన పౌరులే 1,600కు పైన. వాళ్ల ప్రాణాల మీద ఓటు వేసిన ఆ సభలో వాళ్ల తరఫున మాట్లాడేందుకు ఒక్క సీటు లేదు.

1973 జనవరి 27న పారిస్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మార్చి 29న ఆఖరి అమెరికా సైనిక దళాలు వియత్నాం వదిలాయి.

మెక్‌గవర్న్ అడిగిన గడువు 1971 డిసెంబరు 31. దాని తర్వాతి ఏడాది, 1972లో, ఆ యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్న అమెరికా సైనికులు 759 మంది.