గుహలో దారి, వంటింట్లో దారి

వీడియో ఆటలంటే నాకు చాలాకాలం చిన్నచూపు ఉండేది. తుపాకులు, కార్లు, కేకలు తప్ప అందులో మరేమీ ఉండదనుకొనేవాణ్ణి. మొన్న వేసవిలో అమెరికానుంచి వచ్చిన మా చెల్లెలి కూతురు "గంటన్నరలో అయిపోతుంది మామయ్యా, ఒక్కసారి చూడు" అంటూ తన కంప్యూటరు తెచ్చి నా ముందు పెట్టింది. ఆ ఆట పేరు 'వెణ్బా'. తమిళ ఛందస్సులో ఒక పద్యభేదానికున్న పేరు అది. ఆట ముగిసేసరికి నా కళ్ళు తడిశాయి. ఇంటినీ బాల్యాన్నీ ఆటగా మలచడం ఎక్కడ మొదలైందా అని ఆ తరువాత వెతుకుతూ పోతే, ఆ దారి నన్ను 1970ల నాటి ఒక గుహలోకి తీసుకువెళ్ళింది.

విల్ క్రౌథర్ అమెరికాలోని మాసచూసెట్స్‌లో బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ సంస్థలో ప్రోగ్రామరు. ఇంటర్నెట్టుకు మూలమైన ఆర్పానెట్టుకు తొలి ప్రోగ్రాములు రాసినవారిలో ఆయన ఒకరు. తీరిక దొరికితే భార్య పట్రీషియాతో కలిసి కెంటకీ రాష్ట్రంలోని గుహల్లోకి దిగి, కొలతలు తీసి, పటాలు గీయడం ఆయనకు వ్యసనం. 1972 సెప్టెంబరులో ఫ్లింట్ రిడ్జ్ గుహలకూ మామత్ గుహకూ నడుమ ఉన్న దారిని కనుగొన్న బృందంలో పట్రీషియా ఉన్నారు. గుహాన్వేషణ చరిత్రలో అది పెద్ద ఘట్టం.

కొన్నాళ్ళకు ఆ దంపతులు విడిపోయారు. క్రౌథర్ గుహలకు వెళ్ళడం తగ్గించుకున్నారు. ఇద్దరు కూతుళ్ళకు దూరమవుతున్నానన్న దిగులు పట్టుకుంది. 1975-76 ప్రాంతంలో ఆయన పీడీపీ-10 యంత్రం మీద ఫోర్ట్రాన్ భాషలో ఒక ఆట రాశారు. అందులో బొమ్మలు లేవు. ఎక్కడ ఉన్నామో, ఎదుట ఏముందో వాక్యాలలో కనిపిస్తుంది. ఆడేవారు ఒకటి రెండు మాటలు టైపు చేస్తే ఆ వైపు దారి తెరుచుకుంటుంది. కంప్యూటరు తెలియని పిల్లలు కూడా బెదరకూడదని మామూలు మాటలనే ఆజ్ఞలుగా పెట్టారు. అదే 'అడ్వెంచర్'. స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న డాన్ వుడ్స్ క్రౌథర్ అనుమతితో దాన్ని విస్తరించగా, 1977లో అది కంప్యూటరునుంచి కంప్యూటరుకు పాకిపోయింది. ఒక తరహా ఆటలన్నిటికీ ఆ పేరే స్థిరపడింది.

క్రౌథర్ రాసిన తొలి ప్రతి పోయిందనే అనుకున్నారు. స్టాన్‌ఫర్డ్‌లో వుడ్స్ పాత ఖాతా తాలూకు నకళ్ళలో అది బయటపడింది. దాన్ని అసలు గుహతో పోల్చి డెన్నిస్ జెర్జ్ అనే ఆచార్యుడు 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆటలోని గదులు, మలుపులు చాలావరకు బెడ్‌క్విల్ట్ అనే గుహాభాగంలో ఉన్నవే. నన్ను ఆపివేసిన సంగతి ఇదే. ఆ ఆటలో భార్య లేదు, పిల్లలు లేరు. నిధులు, మరుగుజ్జులు ఉన్నారు. కాని కాళ్ళ కింద ఉన్న నేల మాత్రం ఆ కుటుంబం నడిచిన నేల. విడిపోయిన తండ్రి తన పిల్లలకు చూపించగలిగిన ఇల్లు అదే కాబోలు.

కుటుంబమే నేరుగా ఎదుటికి వచ్చిన ఆటలు తరువాతి కాలానివి. 2007లో జేసన్ రోరర్ చేసిన 'పాసేజ్' 5 నిమిషాల్లో ముగిసే ఒక జీవితం. తోడును కలుపుకుంటే ఇరుకు సందుల్లో పట్టము. ఒంటరిగా వెళితే పడతాము. 2012లో వచ్చిన 'పాపో అండ్ యో'లో వాండర్ కబాయెరో తాగుబోతు తండ్రిని ఒక రాక్షసుడిగా చూపారు. ఆ రాక్షసుడు పిల్లవాడికి నేస్తం కూడా. 2016 నాటి 'దట్ డ్రాగన్, క్యాన్సర్'ను కొడుకును పోగొట్టుకున్న దంపతులు చేశారు. అందులో ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టడానికి మనం ఏం చేసినా పనికిరాని ఘట్టం ఒకటుంది. గెలుపు అన్న మాటకు అక్కడ చోటు లేదు.

'వెణ్బా' 2023లో టొరంటోలోని విసై గేమ్స్ సంస్థనుంచి వచ్చింది. 2024లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ మహా బహుమతి, బాఫ్టా తొలి ఆట పురస్కారం పొందింది. 1988లో కెనడాలో స్థిరపడిన తమిళ దంపతులు వెణ్బా, పావలన్. వారి కొడుకు కవిన్. తల్లినుంచి వచ్చిన వంటల పుస్తకంలో కొన్ని వరుసలు చెరిగిపోయాయి. వాటిని ఊహించి ఇడ్లీ, పుట్టు, బిరియానీ వండడమే ఆట. పెద్దవాడైన కవిన్ అదే పుస్తకం తెరిచినప్పుడు చిక్కు వేరు. అక్షరాలు ఉన్నాయి, వాటిని తడబడకుండా చదివేంత తమిళం అతని దగ్గర లేదు.

ఆ రాత్రే మా కోడలు పిల్ల అమ్మమ్మ నోటుపుస్తకం అడిగింది. దానికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. నేను కాస్త గర్వంగానే ఆవకాయ పుట తీసి చదివాను: సోలెడు ఆవపిండి, మూడు గిద్దెల ఉప్పు.

"గిద్దె అంటే ఎంత మామయ్యా?"

"నాలుగు గిద్దెలు ఒక సోల."

"మరి సోల ఎంత?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మ పోయాక ఊళ్ళో ఇల్లు అమ్మినప్పుడు, ఆ ఇత్తడి సోలను మిగతా సామానుతో పాటు పాతసామాన్లవాడికి తూకానికి వేసింది నేనే. అక్షరాలు రానిది దానికి. కొలత పోగొట్టింది నేను.

చివరికి గ్లాసుతో ఉజ్జాయింపుగా కలిపాము. ఉప్పు ఎక్కువైంది. ఆ సంగతి పుట అంచున అది ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే, దాని కింద నేను తెలుగులో రాశాను. మిత్రులారా, మీ ఇళ్ళలో పాత సోల ఉంటే అంచుదాకా నీళ్ళు పోసి ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో చూసి చెప్పగలరు. మాది గుంటూరు వైపు.