కెర్నల్ కాన్ఫిగరేషన్: చారిత్రక పరిణామం

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ తొలి రూపాన్ని విడుదల చేశారు. అప్పట్లో హార్డ్ డిస్క్ వివరాలు, కీబోర్డు రకం మార్చాలంటే సోర్స్ కోడ్‌లోని ఒక ఫైలును దిద్ది, కెర్నల్‌ను మళ్లీ కంపైల్ చేయవలసి వచ్చేది. తరువాత ప్రశ్నలు అడిగే స్క్రిప్టులు, మెనూలు వచ్చాయి. 2002లో రోమన్ జిప్పెల్ రూపొందించిన కేకాన్ఫిగ్ వాటి స్థానంలో చేరింది. ఒక ఎంపికకు మరొకటి అవసరమైతే ఇది సరిచూస్తుంది. కానీ మీ కంప్యూటర్‌లో ఏ డిస్క్ ఉందో దీనికి తెలియదని గమనించండి. ఆ డిస్క్ డ్రైవర్‌ను పూర్తిగా తొలగించినా కంపైలేషన్ సాఫీగా ముగుస్తుంది. కంప్యూటర్ మాత్రం బూట్ కాదు. అందువల్ల ముందుగా పాత కాన్ఫిగరేషన్ ఫైలుకు నకలు తీసుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. కొత్త కెర్నల్ సరిగా పనిచేస్తోందని తేలేవరకు పాతదాన్ని బూట్ మెనూలోనే ఉంచండి.