నేర్పే పలక, కొలిచే పలక

సెగ్విన్ ఫారం బోర్డు పట్టుకోని స్పెషల్ ఎడ్యుకేటర్ మన దేశంలో ఉండరేమో. ఒళ్లో పట్టేంత చెక్క పలక. అందులో పది గుంటలు, వాటిలో కూర్చునే పది చెక్క ముక్కలు. గుండ్రం, చదరం, త్రికోణం, చుక్క, ప్లస్సు, అర్ధచంద్రం, కోడిగుడ్డు, డైమండు, దీర్ఘచతురస్రం, ఆరు మూలలది. ముక్కల్ని మూడు దొంతరలుగా పేర్చి, "ఎంత గబగబా పెడతావో పెట్టు నాన్నా" అని స్టాప్‌వాచ్ నొక్కుతారు. మూడుసార్లు పెట్టించి, అన్నిటికన్నా తక్కువ పట్టిన సెకన్లను పట్టికలో చూస్తే పిల్లవాడి మానసిక వయసు తేలుతుంది.

బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లో డిప్లొమా చేసి, విజయవాడలో తల్లిదండ్రులు కలిసి నడుపుకునే ఒక చిన్న బడిలో నేను చేరేసరికి అక్కడ ఈ బోర్డులు రెండు కనిపించేవి. ఒకటి వారానికోసారి వచ్చే సైకాలజిస్టు గారిది. సంచిలో తెచ్చి సంచిలోనే పట్టుకుపోయేవారు. రెండోది మా వీధి వడ్రంగి చేత టేకు ముక్కలతో చేయించుకున్నది. వానలు పడ్డాయంటే చెక్క ఉబ్బి, చుక్క గుంటలో బిగుసుకుపోయేది. అంచులకు కొవ్వొత్తి రుద్దేదాన్ని. అయినా జులైలో దాన్ని దించడం పెద్దవాళ్ల వల్ల కూడా అయ్యేది కాదు. మాకు తొందర లేదు కాబట్టి సరిపోయింది. సైకాలజిస్టు గారి బోర్డు కొలవడానికి, మాది నేర్పడానికి.

ఆ పలక పుట్టింది నేర్పడానికే. కొలత తర్వాత వచ్చి అంటుకుంది. మా వృత్తి చరిత్ర చెప్పమని కొత్తగా చేరిన పిల్లలు అడిగితే నేను కమిషన్లు, కమిటీల జోలికి పోను, ఈ పలక కథే చెబుతాను.

1800లో దక్షిణ ఫ్రాన్సులోని అవేరాన్ ప్రాంతంలో పదకొండు పన్నెండేళ్ల పిల్లవాడొకడు అడవి విడిచి ఊళ్లోకి వచ్చి పట్టుబడ్డాడు. మాట లేదు, ఒంటిమీద బట్ట నిలవనివ్వడు. పెద్ద చప్పుడైనా తిరిగి చూడడు గానీ వెనకాల ఎవరైనా వాల్‌నట్ పగలగొడితే తల తిప్పేవాడు. పిచ్చివాళ్ల సంకెళ్లు తీయించినవాడిగా పేరున్న పినెల్ అంతటివాడు చూసి, ఇది బాగయ్యేది కాదని తేల్చేశాడు. పారిస్ బధిరుల విద్యాలయంలో పనిచేస్తున్న ఇటార్ అనే పాతికేళ్ల డాక్టరు ఒప్పుకోలేదు. పిల్లవాడికి విక్టర్ అని పేరు పెట్టి సుమారు ఐదేళ్లు వాడితోనే గడిపాడు.

ఇటార్ ఒక పలక మీద ఎర్ర గుండ్రం, నీలం త్రికోణం, నల్ల చదరం కాగితాలు అతికించాడు. అవే రంగుల్లో, అవే ఆకారాల్లో అట్టముక్కలు కోసి విక్టర్ చేతికిచ్చి, దేని మీద దాన్ని తగిలించమన్నాడు. మా బోర్డుకు ముత్తాత అదే. తర్వాత రంగులు తీసేశాడు, ఆకారాలు పెంచాడు, ఆపైన అక్షరాలకు వెళ్లాడు. కష్టం ఎక్కువయ్యేకొద్దీ విక్టర్ సామాను విసిరేసేవాడు, దుప్పట్లు కొరికేవాడు. మా గదుల్లో ఇవాళ్టికీ జరిగేది అదే కాబట్టి ఆ నివేదికలు చదువుతుంటే నాకు పాతవాటిలా అనిపించవు. చివరికి ఫ్రెంచిలో 'పాలు' అనే మాటకు కావలసిన నాలుగు అక్షరాలూ పేర్చడం విక్టర్‌కి వచ్చింది. ఒకరోజు ఎవరూ చెప్పకుండానే ఆ నాలుగు ముక్కలూ వెంట తీసుకెళ్లి, తనకు రోజూ పాలు పోసే ఇంట్లో బల్లమీద పేర్చాడట. బొమ్మకార్డు చేతికిచ్చి బిస్కెట్టు అడగడం నేర్పే మావాళ్లందరూ ఒక్కసారైనా తెలుసుకోవలసిన విషయమిది.

నివేదికలు రాసింది ఇటార్. తిండి పెట్టి, స్నానం చేయించి, తోటల్లో తిప్పుకొచ్చింది మదాం గెరిన్ అనే ఆవిడ. ఆవిడ భర్త చనిపోయినప్పుడు విక్టర్ అలవాటు ప్రకారం భోజనం బల్ల సర్దుతూ ఆయన కంచం కూడా పెట్టాడు. ఆవిడకు దుఃఖం ఆగలేదు. అది చూసి విక్టర్ ఆ కంచం తీసేశాడు, మళ్లీ ఎన్నడూ పెట్టలేదు. అది ఇటార్ పాఠాల్లో ఎక్కడా లేదు. మాట రాకపోవడంతో ఇటార్ విసిగి వదిలేశాక కూడా, 1828లో విక్టర్ పోయేదాకా వాణ్ణి చూసుకున్నది ఆవిడే. విక్టర్‌ది ఆటిజమేనని ఈ కాలపు పరిశోధకులు కొందరంటారు. రెండు వందల ఏళ్ల కిందటి పిల్లవాడికి నేనైతే సర్టిఫికెట్ రాయను.

వృద్ధుడైన ఇటార్ దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడు ఎడ్వర్డ్ సెగ్విన్. 1837లో ఒక్క పిల్లవాడితో మొదలుపెట్టి, తర్వాత బిసెత్ర్ ఆసుపత్రిలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పాడు. అక్కడివాళ్లతో పడక కొద్దికాలానికే బయటికొచ్చాడు. అతికించిన కాగితాలకు బదులు చెక్కలో గుంటలు తొలిపించడంలోనే అతని తెలివంతా ఉంది. గుంటలో పట్టని ముక్క పట్టదు. తప్పని టీచరు చెప్పక్కర్లేదు, చెక్కే చెబుతుంది. ముందు కండరం, తర్వాత ఇంద్రియం, ఆ తర్వాతే ఆలోచన అన్నది అతని వరస. 1846లో దీని మీద పెద్ద పుస్తకం రాశాడు. 1848 విప్లవం తర్వాత అమెరికా వెళ్లిపోయాడు.

అక్కడి నుంచి ఈ పలక రెండు దారుల్లో నడిచింది. ఒక దారి రోము నగరానికి పోయింది. మరియా మాంటిస్సోరి అనే డాక్టరు ఇటార్, సెగ్విన్ రాతల్ని ఇటాలియన్‌లోకి మార్చుకుంటూ చేత్తో తిరగరాసుకుంది. గుంటల్లో దిగే స్తంభాలు, ఇసుక కాగితపు అక్షరాలు అలా వచ్చినవే. 1907లో రోములో పేదపిల్లల కోసం పెట్టిన బడిలో వాటిని మామూలు పిల్లలకు వాడింది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు రావడం, యుద్ధం వల్ల ఇక్కడే చిక్కుపడి ఏళ్లతరబడి టీచర్లకు శిక్షణ ఇవ్వడం అందరికీ తెలిసిందే. మా విజయవాడలోనే 1955లో కోటేశ్వరమ్మ గారు ఆ పేరుతో బడి పెట్టారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం చేసిన సామాను అలా ఫీజులు కట్టగలిగిన ఇళ్ల పిల్లలకు అందింది.

ఎవరికోసం చేశారో ఆ పిల్లలకు మిగిలింది స్టాప్‌వాచ్. అది రెండో దారి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండ్ అనే ఊళ్లో ఇలాంటి పిల్లల బడి ఒకటుండేది. 1906లో గాడర్డ్ అనే సైకాలజిస్టు అక్కడ ప్రయోగశాల నడపడానికి వచ్చాడు. ఐరోపా నుంచి బినే తయారుచేసిన బుద్ధిపరీక్ష ప్రశ్నపత్రం తెచ్చాడు, సెగ్విన్ పలకకు సెకన్ల లెక్క పెట్టాడు. మనిషి బుద్ధిని తరగతులుగా కోసి, ఓడ దిగి వచ్చే వలస జనానికి కూడా పరీక్షలు పెట్టించాడు. అదే వైన్‌లాండ్‌లో 1935లో ఎడ్గర్ డాల్ సాంఘిక పరిణతికి 117 అంశాల పట్టిక తయారు చేశాడు. మంచు మీద లాగే బండి నడపడం కూడా అందులో ఒక అంశం! నాగపూర్‌లో మలిన్ అనే ఆయన దాన్ని 89 అంశాలకు కుదించి మన పిల్లలకు సరిచేశాడు. బినే ప్రశ్నల్ని ధార్వాడ్‌లో కామత్ గారు 1930లలోనే కన్నడ, మరాఠీ పిల్లలకు మలిచారు. ఇవాళ తెనాలిలోనో జగిత్యాలలోనో పిల్లవాడి ఫైలు తెరిస్తే వైన్‌లాండ్ పేరూ, కామత్ పేరూ, సెగ్విన్ పేరూ ఒకే కాగితం మీద ఉంటాయి.

ఆటిజం కథలోనూ ఈ పలక ఉంది. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మనోవైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజం వైద్యంలోకి వచ్చింది. ఆ పిల్లలు ప్రశ్నలకు జవాబు చెప్పరు కాబట్టి బినే పరీక్ష సాగలేదు. సెగ్విన్ బోర్డు మాత్రం అందరూ బాగా చేశారని కానర్ రాశాడు. వీళ్లకు తెలివి లేకపోవడం కాదు, మనుషులతో ముడి పడటంలోనే ఏదో ఉంది అని అతను అనుకోవడానికి ఆ పది ముక్కలు కూడా ఒక కారణం. నేనూ ఎన్నోసార్లు చూశాను. పేరు పెట్టి పిలిస్తే పలకడు, మన ముఖం చూడడు, ముక్కలు మాత్రం చకచకా దించేస్తాడు. ఒకడైతే తొమ్మిదీ పెట్టేసి, గుండ్రం ముక్కను అంచు మీద నిలబెట్టి తిప్పుతూ కూర్చునేవాడు. అది ఆగి పడిపోయేదాకా పదోది గుంటలోకి వెళ్లేది కాదు. గడియారం లెక్కన వాడు ఫెయిలు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు పాశ్చాత్య దేశాల్లో ఆటిజానికి నేరం తల్లుల మీద పడింది. 1964లో రిమ్‌లాండ్ అనే సైకాలజిస్టు ఆ వాదాన్ని విరగ్గొట్టాడు. అతని కొడుకుది కూడా ఆటిజమే. మన దగ్గర తల్లిని తిట్టడానికి సిద్ధాంతాలు అక్కర్లేదు, అత్తగారు చాలు.

మన దేశంలో బడులు ముందొచ్చాయి, టీచర్లు తర్వాత తయారయ్యారు. 1944లో బొంబాయిలో జై వకీల్ తన కూతురి కోసం మొదలుపెట్టిన బడి, మద్రాసులో మేరీ క్లబ్‌వాలా జాదవ్ నెలకొల్పిన బాలవిహార్, 1968లో హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ. బాలవిహార్‌లో తయారైన పట్టిక అంటే నాకు గౌరవం. పద్దెనిమిది రంగాలు, ఒక్కోదానిలో ఇరవై అంశాలు, అన్నీ 'చేయగలడు' అనే తీరులో రాసినవే. రానిది ఎక్కడ మొదలైందో రేపటి పాఠం అక్కడ మొదలవుతుంది. 1984లో బోయినపల్లిలో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ వచ్చాక ఆ తరహా పని పెరిగింది. అక్కడి నుంచి 1992లో వచ్చిన ప్రవర్తన అంచనా పట్టిక మొదటి భాగంలోనే 280 అంశాలుంటాయి. మేము వాటిని బస్సులో కూడా వల్లెవేసేవాళ్లం.

1992లో పునరావాస మండలి చట్టం వచ్చింది, మరుసటి ఏడు అమలైంది. పదహారు రకాల నిపుణుల పేర్లు రిజిస్టరులో ఎక్కాలి, నంబరు తీసుకోవాలి. నంబరు లేకుండా ఈ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ నంబరుతో మాకు మర్యాద దక్కిన మాట నిజం. మదాం గెరిన్ ఇప్పుడుంటే వెయ్యి రూపాయలు కట్టి రావలసిందే!

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉన్నాయి, వాటిలో ఆటిజం లేదు. లెక్కలు బాగా చేసే పిల్లవాడికి కూడా కాగితం కావాలంటే బుద్ధిమాంద్యం కిందే రాయించుకునేవారు. 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో ఆటిజం పేరు వచ్చింది. 2016లో దాని సర్టిఫికెట్‌కు మార్గదర్శకాలూ, ఏడాది చివర 21 వైకల్యాల కొత్త చట్టమూ వచ్చాయి. ఆటిజాన్ని కొలిచే బద్దను బోయినపల్లి సంస్థే తయారుచేసింది. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం లేనట్టు, 153 దాటితే తీవ్రం.

వైకల్యానికి శాతం వచ్చాక గదిలో మాట మారిపోయింది. వైకల్యం సర్టిఫికెట్లిచ్చే సదరం శిబిరంలో నలభై శాతం వస్తేనే పింఛను. ఒక తల్లి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది: "మేడమ్, మావాడు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. రేపు డాక్టరు గారు అడిగితే చెప్పొచ్చా, వద్దా?" ఆ బొత్తాలు రావడానికి నాకూ వాడికీ ఏడాది పైగా పట్టింది. పింఛనుతో ఇంటి అద్దె కట్టుకునే మనిషికి నేనేం చెప్పను? "వాడు అక్కడ పెట్టుకోడులేమ్మా, కొత్తచోటు కదా" అన్నాను. అది నిజం కూడాను.

ఇప్పుడు మండలాల్లో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, కాంట్రాక్టు మీద పనిచేసే రిసోర్సు టీచర్లున్నారు. ప్రాథమిక బడుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు స్పెషల్ టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. పట్టణాల్లో థెరపీ సెంటర్లు సెషనుకింత అని బోర్డు పెడుతున్నాయి.

మా బడిలో పిల్లలకు పాయిఖానాకు వెళ్లడం, చెయ్యి కడుక్కోవడం, అన్నం కలుపుకోవడం నేర్పింది ఎక్కువగా ఆయా. ఏ పిల్లవాడు ఎప్పుడు ముఖం ఎలా పెడితే దొడ్లోకి తీసుకెళ్లాలో ఆమెకు తెలిసినట్టు నాకు తెలియదు. కొత్తగా వచ్చిన టీచర్లను మొదటి వారం నేను ఆమె వెనకే తిప్పేదాన్ని. జీతాల రిజిస్టరులో చివరిదాకా ఆమె పేరు ఎదురుగా 'స్వీపర్' అనే ఉంది.