పెండేకంటి వెంకటసుబ్బయ్య

పెండేకంటి వెంకటసుబ్బయ్య (1921–1993) స్వాతంత్ర్య సమరయోధుడు, కాంగ్రెస్ నాయకుడు, కేంద్రంలో సహాయ మంత్రి, బీహార్, కర్ణాటక రాష్ట్రాల గవర్నరు. సొంతూరు నేటి నంద్యాల జిల్లాలోని సంజామల. గవర్నర్ల అధికారాలకు హద్దులు గీసిన బొమ్మై కేసుకు మూలం బెంగళూరు రాజ్‌భవన్ నుంచి ఆయన పంపిన నివేదికలే.

సంజామల రేనాటి గడ్డ. కుంపిణీ పాలనపై తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో ముడిపడిన నొస్సం కోట ఈ మండలంలోనే ఉంది. 1847లో ఆయన్ని ఉరితీసిన కోయిలకుంట్ల ఇక్కడికి దగ్గరే. వెంకటసుబ్బయ్య తరానికి పోరుబాట చూపింది గాంధీ. యువకుడిగా జాతీయోద్యమంలోకి దిగిన ఆయన, స్వాతంత్ర్యం వచ్చాక కాంగ్రెస్‌లోనే ఉండి ఎన్నికల రాజకీయాల్లోకి వచ్చారు. 1957, 1962లలో ఆదోని నుంచి, 1967, 1971లలో నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచారు.

1977 ఎన్నిక మాత్రం అన్నిటికంటే భిన్నం. ఎమర్జెన్సీ తర్వాత ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయినా, ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే దక్కాయి. చేజారిన ఒక్కటీ నంద్యాల. జనతా పార్టీ తరఫున నిలిచిన నీలం సంజీవరెడ్డి చేతిలో వెంకటసుబ్బయ్య ఓడిపోయారు. రాష్ట్రమంతా గెలిచిన పార్టీలో ఓటమి ఆయన వంతయింది. కొద్ది నెలలకే సంజీవరెడ్డి రాష్ట్రపతి కావడంతో సీటు ఖాళీ అయి, ఉపఎన్నికలో వెంకటసుబ్బయ్యే మళ్లీ గెలిచారు. పద్నాలుగేళ్ల తర్వాత, 1991లో, ప్రధాని పి.వి. నరసింహారావును ఉపఎన్నికలో లోక్‌సభకు పంపిందీ ఈ నియోజకవర్గమే.

1980లో నంద్యాల ఆయన్ను మరోసారి ఎన్నుకుంది. ఇందిరాగాంధీ ప్రభుత్వంలో హోం శాఖ సహాయ మంత్రిగా, పార్లమెంటరీ వ్యవహారాల బాధ్యతతో పనిచేశారు. అస్సాం, పంజాబ్ అట్టుడుకుతున్న ఆ కాలంలో హోం శాఖ తరఫున సభకు జవాబు చెప్పడం తేలిక కాదు. 1985లో బీహార్ గవర్నరుగా పట్నా వెళ్లి, 1988 ఫిబ్రవరిలో కర్ణాటకకు మారారు.

అక్కడ అదే ఏడాది ఆగస్టులో ఎస్.ఆర్. బొమ్మై ముఖ్యమంత్రి అయ్యారు. 1989 ఏప్రిల్‌లో కె.ఆర్. మొలకేరి అనే శాసనసభ్యుడు, 19 మంది మద్దతు ఉపసంహరించుకుంటున్నారంటూ లేఖలు గవర్నరుకు అందజేశారు. వెంకటసుబ్బయ్య ఏప్రిల్ 19న రాష్ట్రపతికి నివేదిక పంపారు. మరునాడే ఆ 19 మందిలో ఏడుగురు, తమ సంతకాలు మభ్యపెట్టి తీసుకున్నారని రాసి ఇచ్చారు. శాసనసభ సమావేశాన్ని ముందుకు జరిపైనా బలం నిరూపించుకుంటానని బొమ్మై అన్నారు. గవర్నరు ఆ అవకాశం ఇవ్వకుండానే రెండో నివేదిక పంపారు. 21న రాష్ట్రపతి పాలన వచ్చింది. పాతికేళ్లకు పైగా పార్లమెంటు అనుభవం ఉన్న మనిషి శాసనసభను పక్కనబెట్టడం ఆయన జీవితంలో అతి పెద్ద పొరపాటు.

హైకోర్టులో బొమ్మైకి ఊరట దొరకలేదు. సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 1994 మార్చి 11న ఆ రాష్ట్రపతి పాలనను రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. మెజారిటీ ఎవరిదో తేలాల్సింది సభలోనేనని, అది గవర్నరు సొంత అంచనాకు వదిలే విషయం కాదని చెప్పింది. నేడు ఏ రాష్ట్రంలో బలపరీక్ష జరిగినా ఆధారం ఈ తీర్పే. అది వెలువడేనాటికి వెంకటసుబ్బయ్య లేరు. కేంద్రంలో నేషనల్ ఫ్రంట్ అధికారంలోకి వచ్చాక, 1990 ఫిబ్రవరిలో ఆయన పదవి వదిలారు. 1993లో కన్నుమూశారు.

విద్యారంగంలో చేసిన పని ఆయనకు వేరే గుర్తింపు తెచ్చింది. హైదరాబాద్ ఇబ్రహీంబాగ్‌లోని వాసవి ఇంజినీరింగ్ కళాశాల 1981లో ఆయన చొరవతో పుట్టింది. నగరంలో ఒక న్యాయ కళాశాల, ఒక మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ పెండేకంటి పేరుతో నడుస్తున్నాయి.