పొరుగింటివాని కేక

1970 నవంబరు 12వ తేదీ రాత్రి నాటి తూర్పు పాకిస్తాను దక్షిణ తీరమును, భోలా మొదలగు దీవులను సముద్రము ముంచివేసెను. మృతులు మూడు లక్షలకు తక్కువ కాదని సాధారణముగా అంగీకరింపబడిన లెక్క. తుఫాను రానున్నదని రేడియో ముందే చెప్పెను. విన్నవారిలో అత్యధికులు కదలలేదు. దీనిని అజ్ఞానమనుట సులభము. కాని పోవుటకు మెట్టతావు ఏది? పశువులను విడిచిపోయిన రైతు మరునాడు దేనితో బ్రతుకును?

స్వతంత్ర బంగ్లాదేశమున ఈ ప్రశ్నలకు కొంత సమాధానము దొరకెను. పశువులకై ఎత్తైన మట్టిదిబ్బలు పోసి, వానిని 'కిల్లా'లనిరి. 1972లో రెడ్‌క్రాసు చొరవతో ఆరంభమైన స్వచ్ఛంద సేవాదళము గ్రామస్థుల చేతికే మెగాఫోనును, జెండాలను ఇచ్చెను. అపాయము పెరిగినకొలది ఒక జెండా, రెండు, మూడు. పరాయి అధికారి ఉత్తరువుకన్న పొరుగింటివాని కేకకు తలుపులు త్వరగా తెరచుకొనును.

అయినను 1991 ఏప్రిలు 29న వచ్చిన తుఫానులో సుమారు 1,38,000 మంది మరణించిరి. ఆశ్రయభవనములు చాలలేదు. మృతులలో స్త్రీలే అధికులు. పరపురుషుల నడుమ రాత్రి గడుపుటకు జంకియో, భర్త అనుమతికై వేచియో, పిల్లలతో ఎందరో ఇండ్లలోనే నిలిచిపోయిరి. పిమ్మట కట్టిన భవనములు పెక్కింట స్త్రీలకు ప్రత్యేకముగా గదులు ఏర్పడెను. 2020 నాటికి సేవాదళమున ఇంచుమించు సగము మంది స్త్రీలే.

2007లో 'సిద్ర్' తుఫానునకు మృతులు సుమారు 3,400. కాని 2009లో 'ఐలా' తెంచిన కట్టలు కొన్నిచోట్ల రెండేండ్లకు గాని పూడలేదు. ప్రాణములు దక్కినవారి పొలములపై పోటు వచ్చినప్పుడెల్ల ఉప్పునీరు పారెను. వారు ఆ కట్టలమీదనే పాకలు వేసికొని కాపురముండిరి.